చప్పుడు లేని గది

చీరాలలో రైలుకట్టకు అవతల వీధిలో ఫణీంద్ర అని ఒక సౌండు ఎడిటర్ ఉండేవాడు. పనిమంతుడే గానీ, సరంజామా అంతా తను అనుకున్నట్టు కుదిరితే తప్ప పనిమీద చెయ్యి వేసేవాడు కాదు.

అంతకుముందు హైదరాబాదులో ఒక స్టూడియోలో ఉండేవాడు. అక్కడ పక్కగదిలో ఎవరైనా కుర్చీ జరిపితే చాలు, అతని ప్రాణం విలవిల్లాడేది. ఇంట్లోనే ఒక గది, ఆ గదిలో తన చేత్తో కట్టుకున్న కంప్యూటరు ఉంటే, ఇక తనంత సుఖపడేవాడు ఉండడని భార్య హైమవతిని ఒప్పించి సొంత ఊరు వచ్చేశాడు. చెవి మాత్రం అసాధ్యమైన చెవి. నడవలో ఉన్న గోడగడియారం కొట్టుకోవడం వీధి గుమ్మంలోంచి వినేవాడు. దోమ ఏ మూల ఉందో కళ్ళు మూసుకుని చూపించేవాడు.

ఆ చెవికి అక్షరాభ్యాసం చేసింది మైకు సుబ్బారాయుడు. ఊళ్ళో సినిమా మారినప్పుడల్లా రిక్షాకు రెండు పక్కలా బొమ్మల అట్టలు కట్టి, పైన గొట్టం మైకు బిగించి, "నేడే చూడండి" అంటూ వీధి వీధీ తిరిగిన మనిషి ఆయన. ఫణి తల్లి పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు పనికి వెళ్ళే రోజుల్లో పిల్లవాణ్ణి సుబ్బారాయుడి భార్య తిరుపతమ్మ దగ్గర వదిలి వెళ్ళేది. తిరుపతమ్మ అన్నం కలిపి పెట్టేది. సుబ్బారాయుడు రిక్షాలో తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మలుపు రాగానే మైకు వాడి నోటి దగ్గర పెట్టి, "నువ్వు చెప్పరా, ఈ రోజే విడుదల అని చెప్పు" అనేవాడు. తన గొంతు ఇళ్ళ గోడలకు తగిలి వెనక్కి వస్తుంటే ఫణికి ఒళ్ళు జలదరించేది. ఆ జలదరింపే పెద్దయ్యాక అతనికి బతుకుతెరువైంది.

ఆ సుబ్బారాయుడు పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరోజు పొద్దున్నే తిరుపతమ్మ వచ్చి, కొంగుముడి విప్పి, ఒక పాత క్యాసెట్టు తీసి ఫణి చేతిలో పెట్టింది.

ఒకప్పుడు సుబ్బారాయుడు కొత్త మైకు కొని, ఎలా పలుకుతుందో చూద్దామని ఇంట్లో టేపురికార్డరుకు తగిలించి మాట్లాడాడట. మాట్లాడుతూ మాట్లాడుతూ, రికార్డవుతోందన్న సంగతి మరిచిపోయి భార్యను పిలిచాడట. ఆయన గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ ముక్కలోనే. పక్కింటివాళ్ళ టేపురికార్డరులో పెట్టి చూస్తే సముద్రపు హోరు తప్ప ఏమీ వినపడలేదు. పైగా చెవుల డాక్టరు తిరుపతమ్మకు ఒక మాట చెప్పాడు. ఎడమ చెవి ఇప్పటికే పోయింది, కుడిచెవి కూడా అదే దారిలో ఉంది, నరం ఎండిపోతోంది గనక మిషను పెట్టినా లాభం ఉండదన్నాడు.

"ఇప్పుడు నన్ను పేరుపెట్టి పిలిచే మనిషి లేడు నాయనా," అంది తిరుపతమ్మ. "పెద్దమ్మా అంటారు, మామ్మా అంటారు, రేషన్ షాపులో అయితే ఓ ముసలమ్మా అంటారు. ఈ చెవి కూడా మూసుకుపోయేలోపు ఆయన పిలుపు ఒక్కసారి వినిపించు. ఇంకేం అడగను."

ఫణి అప్పటికప్పుడే క్యాసెట్టును తన పాత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. హోరు కింద, బురదలో కూరుకుపోయిన నాణెం తళుక్కుమన్నట్టు, సుబ్బారాయుడి గొంతు ఉంది. ఫణికి కళ్ళు చెమర్చాయి. హోరు గీకి పారెయ్యడం పూటలో అయిపోయే పనని కూడా అతనికి అర్థమైంది. కానీ అదే క్షణంలో ల్యాప్‌టాప్ ఫ్యాను గుర్రుమంది. అతను మొహం చిట్లించాడు.

"ఈ డొక్కుదాని మీద ఆయన గొంతు ముట్టుకోను పెద్దమ్మా," అన్నాడు. "కొత్తది నా చేత్తో కడుతున్నాను. దాని మీద చేశానంటే ఆయన నీ పక్కన కూర్చుని పిలిచినట్టుంటుంది."

"తెలిసినవాడివి, నీ ఇష్టం," అంది తిరుపతమ్మ. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "కాస్త తొందరగా నాయనా."

ఫణి నిజంగానే ఆ రోజునుంచే మొదలుపెట్టాడు. పనిని కాదు, గదిని. మదర్‌బోర్డు వచ్చింది. ప్రాసెసర్ వచ్చింది. పెద్ద నల్లటి క్యాబినెట్టు వచ్చింది. నేలమీద ఉతికిన పంచె పరిచి, చెప్పులు విడిచి, ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే పోవాలని ముందు కిటికీ ఊచ ముట్టుకుని, ఆ తర్వాతే ఒక్కో భాగాన్ని అందుకునేవాడు. ప్రాసెసర్‌ను దాని గూట్లో దించేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న హైమవతి, తనకు తాళి కట్టినప్పుడు కూడా ఈ మనిషి ఇంత జాగ్రత్తపడలేదని అక్కడున్న గోడకు చెప్పి వెళ్ళిపోయింది.

మీట నొక్కగానే కంప్యూటరు వెలిగింది. మరొకరైతే అక్కడే కూర్చుని పని అందుకునేవారు. ఫణి క్యాబినెట్టుకు చెవి ఆనించాడు. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, సన్నగా, తేనెటీగలా. అతనికి అది భరించరానిదైంది. ఫ్యాన్లు తీసేసి, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు తెప్పించాడు. అవి బిగించాక కిటికీలోంచి కూరగాయల బండివాడి కేక వినపడటం మొదలైంది. కిటికీ మూయించాడు. గోడలకు చప్పుడు పీల్చే మెత్తలు అతికించాడు. అప్పుడు నెత్తిమీది సీలింగు ఫ్యాను టిక్కు టిక్కుమంటోందని తేలింది. దాన్ని దింపించాడు. తీగలన్నీ జడ అల్లినట్టు అల్లి బల్లకింద దాచాడు. బల్ల ఎత్తు సరిపోలేదని కాళ్ళు కోయించాడు, మరీ పొట్టిదైందని చెక్కలు కొట్టించాడు.

"ఈ గదికి ఇంకా ఎన్నిసార్లు గృహప్రవేశం చేస్తారు?" అంది హైమవతి.

అన్నీ అయ్యాక స్పీకర్లలో సన్నగా గీమనే మోత మొదలైంది. ఎర్తింగు సరిగ్గా లేదన్నారు కరెంటు పనివాళ్ళు. పెరట్లో గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు పోసి, రాగిపలక దింపారు. దానికి అడ్డంగా ఉందని హైమవతి పెంచుకున్న కరివేపాకు చెట్టు పీకేశారు. గీ తగ్గింది. పోలేదు.

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయవచ్చు. శ్రద్ధగా చెయ్యడం నేరమా అని. కాదు. మంచి పనిముట్టు కోరుకోవడం తప్పా అని. అదీ కాదు. కానీ ఆ శ్రద్ధ ఎవరి కోసమో మరిచిపోయిన మనిషిని ఏమనాలి? ఆ గీ తిరుపతమ్మకు వినపడేదా? ఫ్యాను చప్పుడు ఆమెకు అడ్డమా? అడ్డమైంది ఫణి చెవికి. ఆమె పేరు చెప్పి అతను తన చెవికి గుడి కడుతున్నాడు.

తిరుపతమ్మ వచ్చి వెళుతూ ఉండేది. మొదట్లో గుమ్మంలో నిలబడి మాట్లాడేది. తర్వాత దగ్గరగా వచ్చి కుడిచెవి ముందుకు వంచేది. తర్వాత చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, ఫణి పెదవులకేసి చూస్తూ, మాట అయిపోయాక ఒక లిప్త ఆగి తలూపేది. ఫణి ఆమెకు ప్రతిసారీ కొత్తగా వచ్చిన భాగాన్ని చూపించి, అదెందుకో వివరించేవాడు. ఆమె కాదనకుండా చూసేది.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి కంప్యూటరు నడుస్తోంది. తిరుపతమ్మ దానిమీద చెయ్యి వేసి, "ఇది పనిచేస్తోందా నాయనా? చప్పుడే లేదే," అంది.

ఫణి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళ కష్టానికి మొదటి మెప్పు అదే. "అదే పెద్దమ్మా దీని గొప్ప," అన్నాడు.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కరు కూత వేసింది. మూతపడ్డ కిటికీ అదిరేలా వేసింది. ఫణి ఉలిక్కిపడి చిరాగ్గా అటు తిరిగాడు. తిరుపతమ్మ తిరగలేదు. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు. క్యాబినెట్టులో వెలుగుతున్న నీలం దీపాన్ని చూస్తూ నవ్వుతోంది. వంటింటి గుమ్మంలోంచి హైమవతి అది చూసింది.

తిరుపతమ్మ వెళ్ళగానే హైమవతి గదిలోకి వచ్చి తలుపు మూసింది.

"ఆవిడకి కుక్కరు కూత వినపడలేదండీ."

"ఏదో ఆలోచనలో ఉండి ఉంటుంది."

"కాదు. చెవి అయిపోవస్తోంది. ఏదో కాస్త మిగిలుంటే ఇవాళే మిగిలుంది. మీ పాతది బీరువా మీదే ఉంది, దించుతాను. సాయంత్రంలోపు ఎంతవరకు అయితే అంతవరకు చేసి, ఆవిడ చెవికి ఆనించి వినిపించండి."

ఫణి ఒక్క క్షణం పాత ల్యాప్‌టాప్ కేసి చూశాడు కూడా. కానీ స్పీకర్లు ఇంకా సన్నగా గీ పెడుతున్నాయి. ఆ గీని పూర్తిగా అణిచే చిన్న పెట్టె ఒకటి కొరియరులో బయలుదేరింది. అది వచ్చాక పని ఎంత నిఖార్సుగా ఉంటుందో ఊహించుకున్నాడు.

"సగం సగం పని వినిపిస్తే ఆయన్ని అవమానించినట్టు హైమా," అన్నాడు. "వచ్చే వారానికి పెట్టె వచ్చేస్తుంది. ఇన్నాళ్ళు ఆగింది, వారం ఆగలేదా?"

"ఆగేది ఆవిడ. ఆవిడ చెవి ఆగుతుందని ఎవరు చెప్పారు మీకు?"

ఫణి ఒక స్క్రూ వదులుగా ఉందని వంగి బిగించుకున్నాడు.

ఆ వారం తుఫాను పట్టింది. రైళ్ళు ఆగాయి, రోడ్లు మునిగాయి, పెట్టె ఎక్కడో దారిలో చిక్కుకుంది. తుఫాను వెలిసి, బురద ఆరి, దీపావళి దగ్గరపడ్డాక వచ్చింది. ఫణి దాన్ని తగిలించాడు. గీ ఆగిపోయింది. గదిలో తన గుండె కొట్టుకోవడం తనకు వినపడింది. అతను కోరుకున్న నిశ్శబ్దం అదే.

భోజనం చేసి పనికి కూర్చున్నాడు. హైమవతి టీ తెచ్చేసరికి పని అయిపోయింది. అంతే. అంతకంటే పట్టలేదు. వాడింది కూడా పాత ల్యాప్‌టాప్‌లో మొదటినుంచీ ఉన్న ప్రోగ్రామే. హైమవతి టీ గ్లాసు బల్లమీద పెట్టి, తెరకేసి చూసి, అతని కేసి చూసి, వెళ్ళి తిరుపతమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఫణి ఆమెను తన కొత్త కుర్చీలో కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్లు తనే తలమీద సర్దాడు. తిరుపతమ్మ కొంగు భుజాలనిండా కప్పుకుని, గుళ్ళో హారతి కోసం కూర్చున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఫణి మీట నొక్కాడు. తెరమీద ఆకుపచ్చ గీత లేచి పడుతోంది. ఆమె మొహంలో మార్పు లేదు. శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. హెడ్‌ఫోన్ల అంచుల్లోంచి సుబ్బారాయుడి గొంతు బయటికి పొర్లి, గుమ్మం దగ్గరున్న హైమవతికి కూడా వినపడుతోంది.

తిరుపతమ్మ చాలాసేపు ఓపిగ్గా చూసి, ఫణి మోచేతిని తట్టింది.

"మొదలుపెట్టావా నాయనా?"

ఫణి హెడ్‌ఫోన్లు లాగేశాడు. స్పీకర్లు వేసి, మీట చివరిదాకా తిప్పాడు. మెత్తలు అతికించిన గోడల మధ్య ఆ గొంతు ఉరిమింది. "తిరుపతీ... ఇదిగో తిరుపతీ, ఎక్కడున్నావే? కాసిని మంచినీళ్ళియ్యి, గొంతెండిపోయింది." వెనక హోరు లేదు, గరగర లేదు. నిజంగానే ఆయన పక్కన కూర్చుని పిలిచినట్టుంది. ఫణి మాట తప్పలేదు.

తిరుపతమ్మ ముందుకు వంగి స్పీకరు మీద అరచెయ్యి పెట్టింది. ఏదో తగిలినట్టు చెయ్యి తీసి, మళ్ళీ పెట్టింది.

"ఇక్కడేదో కదులుతోంది," అంది. "ఇదేనా ఆయన?"

ఫణి తలూపాడు.

"నువ్వు విన్నావుగా. నన్ను పిలిచాడా? ఎలా పిలిచాడు?"

ఫణి చెప్పబోయాడు. గట్టిగా చెప్పాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కుడిచెవిలో అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెను పేరుపెట్టి అరిచాడు. ఆమె అతని పెదవులకేసి, మూసేసిన కొట్టు తలుపుకేసి చూసినట్టు చూసింది. తర్వాత కొంగుతో అతని చెంపలు తుడిచి, మెల్లగా లేచింది. హైమవతి ఆమెను ఇంటిదాకా దిగబెట్టి వచ్చింది.

ఫణి గదిలో ఒక్కడే మిగిలాడు. ఆ ముక్క మళ్ళీ మొదటికి వచ్చి మోగుతోంది. "తిరుపతీ... ఇదిగో తిరుపతీ, ఎక్కడున్నావే?" ఆ పిలుపుకు జవాబు రాకముందే ఆనాడు రికార్డింగు ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు లేదు, గీ లేదు, వీధిలో కేక లేదు. తను కట్టుకున్న నిశ్శబ్దాన్ని వింటూ ఫణి అక్కడే కూర్చుండిపోయాడు.

ఒకరి కోసం ఒప్పుకున్న పనిని మన తృప్తి కోసం ఆపకూడదు. అందుకోవలసినవాళ్ళు అందుకోలేని స్థితికి చేరాక, అది ఎంత గొప్పగా పూర్తయినా చెయ్యనట్టే.