పెంచలయ్య నీలం పావడ

అనగనగా ఒక ఊరు కన్నా. ఊరంటే పెద్ద ఊరేం కాదు, ఒక బడీ, ఒక పిండిమరా, నాలుగు వీధులూ, అంతే. ఇంకాస్త దగ్గరికి జరుగు. ఇవాళ అమ్మమ్మకి గొంతు లేవట్లేదు. మెల్లిగా చెప్తాను, మెల్లిగానే ఊఁ కొట్టు.

ఆ ఊళ్ళో రవణమ్మ అని ఒకావిడ. మిషను మీద బట్టలు కుట్టేది. పొద్దున కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టేవేళకి లేచేది. పాపం, ఆవిడకి ఇద్దరు బిడ్డలు పుట్టి, నిలవకుండా వెళ్ళిపోయారు. మూడోసారి కడుపు పండినప్పుడు కొండమీది అమ్మవారికి మొక్కుకుంది. "తల్లీ, ఈ బిడ్డనన్నా నాకుంచు. మగబిడ్డయితే దిష్టి తగలకుండా అయిదేళ్ళు ఆడపిల్లలాగా పెంచుకుంటా. తర్వాత నీ కొండకొచ్చి జుట్టిస్తా" అని. మా వైపు అట్లా మొక్కుకునేవాళ్ళులే అప్పట్లో.

అప్పుడు ముద్దుగా, బొద్దుగా మగపిల్లాడు పుట్టాడు. పెంచలయ్య అని పేరు పెట్టారు. రవణమ్మ వాడికి జడేసింది, గాజులేసింది, రంగురంగుల పావడలు కుట్టింది. అమ్మవారి బిడ్డ అని ఊరంతా ఎత్తుకుని ముద్దులాడారు. ఒక్కళ్ళూ తప్పనలేదు.

ఆ తర్వాత అయిదేళ్ళు నిండాయి. కొండకెళ్ళారు, గుండు చేయించారు, నిక్కరూ చొక్కా తొడిగారు. మెట్లు దిగుతూ పెంచలయ్య అమ్మ చెయ్యి లాగాడు.

"మా, నా పావడ యాడ?"

"మొక్కు తీరిపోయింది నాయనా."

"మొక్కు నీది గదమ్మా. పావడ నాది."

రవణమ్మకి నవ్వొచ్చింది ఆ రోజుకి. ఆ తర్వాత నవ్వు రాలేదు. పిల్లాణ్ణి ఒకటో తరగతిలో వేశారు. మొదటిరోజు నిక్కరేసుకుని వెళ్ళి, ఒక్క మాట మాట్లాడకుండా తిరిగొచ్చాడు. రెండోరోజు అన్నం ముట్టలేదు. మూడోరోజు గడప దాటలేదు. రవణమ్మ విసుగొచ్చి వీపు మీద ఒకటేసింది. వేసి, తనే కూర్చుని ఏడ్చింది. ఇద్దరు పోగా దక్కినవాడాయె. అయిదేళ్ళు తన చేత్తో తొడిగి, ఇప్పుడు తనే లాక్కుంటే వాడికేం అర్థమవుతుంది?

ఆ బళ్ళో పిల్లలందరికీ ఒకే తానులో నీలం గుడ్డ ఇచ్చేవాళ్ళు. మగపిల్లలకి నిక్కరు, ఆడపిల్లలకి పావడ కుట్టించుకోవాలి. రవణమ్మ కుట్టిన నిక్కరు పక్కన పెట్టేసింది. మిగిలిన గుడ్డ తీసి, కుచ్చిళ్ళు పోసి పావడ కుట్టింది. పెంచలయ్య అది కట్టుకుని, రెండు ముద్దలు ఎక్కువ తిని, పలక పట్టుకుని బడికి పరిగెత్తాడు.

అప్పుడు మొదలయ్యాయమ్మా అడగడాలు.

మొదట అత్తగారు అంకమ్మ అడిగింది. "ఏందే ఇది? మొక్కు తీరింది గదా?"

రవణమ్మ కాళ్ళు మిషను తొక్కీ తొక్కీ తిమ్మిరెక్కి ఉన్నాయి. అంతా విడమర్చి చెప్పాలంటే పొద్దు గూకుతుంది. ఓపిక లేక నోటికొచ్చింది అనేసింది. "అమ్మవారు కల్లో కనపడి ఇంకొక ఏడు ఉంచమనింది అత్తా." అంకమ్మ టపటపా లెంపలేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కుళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగారు. వాళ్ళకి మూడేళ్ళని చెప్పింది.

ఆ తర్వాత బళ్ళో పెద్దసారు కోదండం అడిగాడు. అప్పటికి అబద్ధం ఏకై వచ్చి మేకై కూర్చుంది. "అమ్మవారు చాలన్నప్పుడు మానేస్తాడు సార్" అంది రవణమ్మ. సారు రెండు చేతులూ జోడించాడు. "దేవుడి పని, మనకెందుకమ్మా. రానీ పిల్లోణ్ణి" అన్నాడు.

ఇంక ఎవరూ అడగలేదు. రవణమ్మ హమ్మయ్య అనుకుంది.

ఒక నెల గడిచింది. టీచరమ్మ జాకెట్టు ఇవ్వడానికి ఒకరోజు రవణమ్మ బడికెళ్ళింది. పిల్లలు ఆటకి వదిలిన వేళ. గీతలు గీసుకుని కుంటుడుబిళ్ళ ఆడుతున్నారు, ఒకటే గోల. పెంచలయ్య అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. వాడి పాదాలకి ఎవరో పసుపు రాశారు. ఒళ్ళో రెండు అరటిపళ్ళు పెట్టారు.

బిళ్ళ దొర్లుకుంటూ వాడి దగ్గరికొచ్చింది. వాడు ఆశగా తీసి అందించబోయాడు. పిల్లలు ఆగిపోయారు. సుగుణ అనే పిల్ల దూరం నుంచే దండం పెట్టింది. ఆ బిళ్ళ అక్కడే వదిలేసి, ఇంకొక పెంకు వెతుక్కున్నారు. వాణ్ణి తాకితే అమ్మవారు పూనుతుందని ఇళ్ళల్లో చెప్పారట. పెంచలయ్య ఏడవలేదు. అరటిపండు ఒలుచుకుని తినడం మొదలుపెట్టాడు. అది చూసి రవణమ్మ జాకెట్టు ఇవ్వకుండానే వెనక్కి వచ్చేసింది.

ఇంటికొచ్చాక వాడు అడిగాడు. "మా, పావడ కట్టుకుంటే నేను అమ్మవారినైపోతానా?"

"లేదు నాయనా."

"మరి నన్నెందుకు ఎవురూ తాకరు?"

రవణమ్మ వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. మొక్కని చెప్పింది వాణ్ణి కాపాడదామని. కాపాడింది నిజమే, ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఒక్క మాట మాట్లాడనూ లేదు. నిజం చెబితే నవ్వుతారు, ఏడిపిస్తారు. చెప్పకపోతే పిల్లాడు ఆ అరుగు మీదే పెరిగి పెద్దవాడవుతాడు. ఏది చేసినా కన్నతల్లికి నొప్పే. అలిసిపోయింది కన్నా, ఆ తల్లి చాలా అలిసిపోయింది.

మర్నాడు వెళ్ళి పెద్దసారు ముందు నిలబడింది.

"సార్, మొక్కూ లేదు, కలా లేదు. నేను అబద్ధమాడినా. పావడంటే వాడికి ఇష్టం. అంతే."

సారు కళ్ళజోడు తీశాడు. "ఇష్టమా? మొక్కంటే పైవాళ్ళకి చెప్పుకోగలను. ఇష్టమంటే ఏం చెప్పుకునేదమ్మా?"

"నేనూ అదే అనుకున్నా సార్. అందుకే మూడుసార్లు అబద్ధమాడినా. ఇంక నా వల్ల గాదు. గుడ్డ మీరిచ్చిందే, రంగు అందరిదే. అమ్మవారు అడిగితే కట్టనిచ్చినారు. ఇప్పుడు బిడ్డ అడగతా ఉండాడు."

సారు ఆ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి "చూద్దాంలేమ్మా" అన్నాడు. చూద్దామంటే సరేననీ కాదు, కూడదనీ కాదు. అంతకన్నా ఆయన దగ్గరా ఓపిక లేదు.

అప్పుడు నిజం ఊరంతా పాకింది. అత్తగారు మాట్లాడ్డం మానేసింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. అరటిపళ్ళు ఆగిపోయాయి. బళ్ళో మొదటిరోజు పిల్లలు పడీ పడీ నవ్వారు. రెండోరోజు వాడి పలక దాచిపెట్టారు. రెండు రోజులూ వాడు ఏడుస్తూనే వచ్చాడు. "నిక్కరేసుకుంటావా నాయనా?" అని రవణమ్మ అడిగింది. వాడు ముక్కు తుడుచుకుని, వద్దని తల ఊపాడు.

మూడోరోజు పొద్దు వాలే వేళకి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము. మోకాలు చెక్కుకుపోయింది. పావడ అంచు జానెడు చిరిగి వేలాడుతోంది.

రవణమ్మ మిషను ఆపి లేచింది. "ఎవుర్రా తోసింది?"

"సుగుణ!" అన్నాడు. వాడి మొహం వెలిగిపోతోంది. "గీత తొక్కినావు అవుటనింది. నేను తొక్కలా అన్నా. తొక్కినావని తోసేసింది. నేనూ తోసినా మా!"

అమ్మవారిని ఎవరూ తొయ్యరు కదూ కన్నా. నువ్వు అవుటని అమ్మవారితో ఎవరంటారు?

రవణమ్మ తిట్టబోయింది. వాడి మొహం చూసి మానేసింది. మోకాలికి కొబ్బరినూనె రాసింది. చిరిగిన పావడ తీసుకుని మిషను ముందు కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు, సూది బెజ్జం కనపడలేదు. పెంచలయ్యే దారం ఎక్కించి ఇచ్చాడు.

"బిరీన కుట్టు మా. రేపు మొదటి ఆట నాదే."

ఆ తర్వాతా? ఊరేం మారిపోలేదులే. నవ్వేవాళ్ళు నవ్వారు, అడిగేవాళ్ళు అడిగారు. అడిగిన ప్రతిసారీ రవణమ్మ మిషను ఆపి, "వాడికి ఇష్టం" అని చెప్పి, మళ్ళీ తొక్కుకుంది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఆ చిరుగు కుడుతూ మాత్రం ఆ పూట ఆవిడ నవ్వింది కన్నా, కొండ మెట్లు దిగినప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే నవ్వింది.

ఇంక కళ్ళు మూసుకో.

కథేమో కంచి బస్సెక్కింది,
నిద్దరేమో నీ కంటికెక్కింది,
అమ్మమ్మ నడుమేమో మంచమెక్కింది.