పునీత సావా వస్త్రం

"తండ్రీ, ఎరుపు వెయ్యనా, నీలం వెయ్యనా?" అని శిష్యుడు వికెంతి అడిగాడు. గురువు నెక్తారి కొలిమిలో బొగ్గులు ఎగదోశాడు. ప్రశ్న వినగానే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు.

సెర్బియాలోని ఇబార్ నది మీది పొగమంచు కిటికీలోంచి మెల్లగా మఠంలోకి వచ్చి మైనపు వత్తుల వాసనలో కరిగిపోతోంది. వికెంతి అరచేతిలో పునీత సావా పతకం ఉంది. చదువుకూ చర్చికీ సేవ చేసినవారికి సెర్బియా రాజులు ఇచ్చిన గౌరవం అది. పల్లె పంతులమ్మ స్టమెన దాన్ని రుమాల్లో చుట్టి తెచ్చింది. ఆమె అమ్మమ్మకు ఇచ్చింది ఏ రాజో తెలియదు. దాంతో వచ్చిన పత్రం యుద్ధంలో కాలిపోయింది. పతకం నడుమ ఉన్న సావా బొమ్మలో, వస్త్రం మీద కరిగించి అతికిన గాజు రంగంతా పోయి లోహం తేలింది.

"ఈ ఆదివారం మా బడికి, అక్కడ పాఠాలు చెప్పిన మా అమ్మమ్మ పేరు పెడుతున్నారు. బిషప్పుగారు వస్తారు. ఆయన ముందు సావాను ఇలా బట్టల్లేకుండా నిలబెట్టలేను నాయనా," అంది స్టమెన.

వికెంతి అప్పటికే లెక్క వేసుకున్నాడు. "ఐదుగురు రాజులు, అరవై రెండేళ్లు. మొదట్లో వస్త్రం ఎరుపు, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నీలం. రాజులు పోయిన చాన్నాళ్లకు చర్చి మళ్లీ అదే పేరుతో ఇస్తోంది. ఒకసారి కొలిమిలో పెడితే రంగు వెనక్కి రాదు. ఏది అసలైనది తండ్రీ?"

నెక్తారి స్టమెన వైపు తిరిగాడు. "మిగతా రంగులన్నీ నిలిచాయి. అక్కడే ఎందుకు పోయిందమ్మా?"

ఆమె నవ్వింది. "పిల్లల వేళ్లకు! లెక్క సరిగ్గా చేస్తే సావాను ముట్టుకోనిచ్చేది అమ్మమ్మ. వారానికి ఐదుగురిని, పదమూడేళ్లు. నేను మాత్రం మొద్దును. ఒక్కసారీ ముట్టుకోలేదు."

"ఏడాదికి నలభై వారాల బడి. మొత్తం ఎన్నిసార్లు, వికెంతీ?"

"రెండువేల ఆరువందలు."

"సరే, ముట్టుకో."

వికెంతి బొటనవేలు ఆ నునుపైన గుంటలో కుదురుగా కూర్చుంది. ఇప్పుడే ఏ పిల్లవాడో వేలు తీసి వెళ్లినట్టు అక్కడ వెచ్చగా అనిపించింది. అతను పతకాన్ని స్టమెన చేతిలో ఉంచాడు. తర్వాత రంగు డబ్బాలకు మూతలు పెట్టాడు.

స్టమెన కళ్లు తుడుచుకుంది. "నన్నూ ఒక లెక్క అడగండి తండ్రీ. తేలికది."

"అడుగుతానమ్మా," అన్నాడు నెక్తారి. "ఆదివారం బిషప్పుగారికి కూడా ఒకటి ఇద్దాం."