నిద్ర పట్టే క్షణం

అనగనగా ఒక రాజు. ఊ కొట్టండి మరి, ఊరికే చెబితే కథ ముందుకు నడవదు. మణిదుర్గం ఏలే ఆ రాజుగారి కొలువులో ఒక వింత ఆచారం ఉండేది. ఎవరైనా "తెలియదు" అన్నారో, తలపాగా తీసి చేతికిచ్చి బయటికి పంపేవారు. దాంతో అక్కడ అందరికీ అన్నీ తెలుసు. తెలియకపోయినా తెలుసు.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతు నాడి పట్టి రోగం చెబుతాడు, చుక్కల నడక లెక్కగడతాడు. రెండోవాడు ధర్మకేతుకి వేదాలూ పురాణాలూ నోటికొచ్చు. చిన్నవాడు నీలకేతు తర్కం చదివాడు, వాదంలో దిట్ట.

ఇలా ఉండగా ధూమ్రనేత్రుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి పద్మగంధిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. తల్లి అన్నం మానేసి మంచం పట్టింది. "అన్నల్ని తెస్తానమ్మా" అని చిన్నవాడు బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. నీలకేతు దాన్ని తిప్పి నిలబెట్టాడు. అది అతన్ని వీపునెక్కించుకుని, ఊయల ఊపినట్టు మెల్లగా, పాల సముద్రం, తేనె సముద్రం, పొగమంచు సముద్రం, అలా ఏడూ దాటించింది. దారిలో రహస్యం చెప్పింది. మాంత్రికుడి ప్రాణం వాడి చిలకలో ఉందట. అది నిద్రపోతే వాడు చస్తాడట. అందుకే పుట్టినప్పట్నుంచీ దాన్ని ఒక్క కునుకైనా తియ్యనివ్వలేదట. వాడి గడప మీద నిలబడి, తెలియనిది తెలుసన్నవాళ్ళు రాళ్ళైపోతారట.

అన్నలిద్దరూ ఆ గడప పక్కనే రాళ్ళై ఉన్నారు. వాళ్ళని చూసి నీలకేతుకి ఏడుపు ఆగలేదు.

మాంత్రికుడు నవ్వాడు. "నిద్ర పట్టే క్షణం ఎలా ఉంటుందో చెప్పి రాకుమారిని తీసుకుపో. మీ పెద్దన్న అది నాడిలో తెలుస్తుందన్నాడు. చిన్నన్న మంత్రంలో ఉందన్నాడు. నువ్వేమంటావు?"

నీలకేతు పుట్టిందగ్గర్నుంచీ రోజూ నిద్రపోతూనే ఉన్నాడు కదా, ఒక్కసారైనా ఆ క్షణాన్ని చూశాడా? చదివిన తర్కమంతా తిరగేశాడు. దొరకలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. చివరికి "నాకు తెలియదు" అన్నాడు.

రాయి కాలేదు. "మరి మీకు తెలుసా?" అని తిరిగి అడిగాడు. మాంత్రికుడికీ తెలియదు, కానీ ఒప్పుకుంటే పరువు పోదూ? మా చిలకకి తెలియనిది లేదన్నాడు.

చిలక బిక్కమొహం వేసింది. అదసలు నిద్రపోతేగా.

"కళ్ళు మూసుకుని కనిపెట్టుకుని ఉండు తల్లీ, వస్తే చెబుదువుగాని" అని నీలకేతు వాళ్ళమ్మ పాడే జోల అందుకున్నాడు. జవాబు వినాలన్న ఆశతో తన ప్రాణం సంగతే మరిచి మాంత్రికుడూ చెవి ఒగ్గి కూర్చున్నాడు. "వస్తోంది... ఇదిగో, వచ్చేస్తోంది..." అంటూ చిలక రెక్కలో ముక్కు దాచుకుంది. అంతే, చెప్పకుండానే నిద్రపోయింది. మాంత్రికుడు కూర్చున్నచోటే బూడిదయ్యాడు.

అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. పద్మగంధిని విడిపించుకుని, తాబేలు వీపు మీదే అందరూ ఇల్లు చేరారు. తల్లి ముగ్గుర్నీ కావలించుకుని ఏడ్చి, ఆ పూట కడుపునిండా అన్నం తింది.

పెళ్ళిపీటల మీద పద్మగంధి దండ పట్టుకుని అడిగింది, మనం ఎప్పటికీ సుఖంగా ఉంటామా అని.

"తెలియదు. ఉండి చూద్దాం" అన్నాడు నీలకేతు.

ఆమె నవ్వి దండ మెళ్ళో వేసింది. ఉన్నారు కూడా, ఇద్దరికీ తల నెరిసేదాకా, రాజ్యం చల్లగా ఏలుకుంటూ.