పాతరలోని గాలి

అనగా అనగా ఒక రాజ్యం, వినగా వినగా దాని పేరు కంకులగిరి. ఆ రాజ్యంలో జొన్నలు మెండు. కోట వెనుక లోతైన పాతరలు తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసి దాచేవారు. కరువు వచ్చిన ఏడు ఆ పాతరలే ప్రజల కడుపు నింపేవి.

ఒకసారి వానలు విడవకుండా కురిశాయి. ముసురు వెలిశాక పెద్దపాతర మూత తీసి, గింజలు తోడడానికి ఒక కూలివాడు దిగాడు. దిగినవాడు పలకలేదు. వాణ్ణి పైకి తేవడానికి వాడి అన్న దిగాడు. అతడూ పలకలేదు. గాలాలు వేసి ఇద్దరినీ పైకి లాగేసరికి ప్రాణాలు పోయి ఉన్నాయి. ఒంటిమీద గాయం లేదు, పాముకాటు లేదు.

ఊరు ఊరంతా గడగడలాడింది. ఆస్థాన మాంత్రికుడు కాలకంఠుడు పాతర చుట్టూ ముగ్గు వేసి, కాసేపు కళ్ళు మూసుకుని, తరువాత సభకు వచ్చి ఇలా అన్నాడు:

"లోపల పిశాచం ఉంది ప్రభూ! దాన్ని పిలిచి కూర్చోబెట్టింది పాతరల కాపరి ఎల్లసాని. ఆ ముసలిదాన్ని లోపలికి దింపితే తప్ప అది శాంతించదు."

ఎల్లసానికి నా అన్నవాళ్ళు లేరు. ఆమె తరఫున ఎవరూ నోరు మెదపలేదు. ఉదయకేతు మహారాజు సరేనని తల ఊపాడు.

"అన్యాయం ప్రభూ!" అని ఒక గొంతు లేచింది.

ఆ గొంతు రాజవైద్యురాలు మైలమది. చచ్చిపోయిన అన్నదమ్ములను పరీక్షించింది ఆమే. పాడుబడ్డ బావుల్లో దిగి ఇలాగే ప్రాణాలు విడిచినవారిని ఆమె ఇదివరకూ చూసింది. చూసినప్పుడల్లా ఎందుకు, ఎందుకు అని తనను తాను అడుగుతూనే ఉంది.

"వాళ్ళను చంపింది పిశాచం కాదు, గాలి. తడిసిన గింజ మగ్గితే ఒక చెడుగాలి పుడుతుంది. అది మనం పీల్చే గాలికన్నా బరువు. గుంట అడుగున పేరుకుంటుంది. అందులో దిగినవాడికి ఊపిరాడదు."

సభ ఘొల్లుమంది. "గాలికి బరువట! తక్కెడ తెప్పించండయ్యా!" అన్నాడు కాలకంఠుడు.

రాజు చిరాకుపడ్డాడు. "మైలమా, గాలి అంటేనే ఏమీ లేనిది. ఏమీ లేనిది మనిషినెలా చంపుతుంది? ఇంకొక్క మాట అన్నావంటే నీ కొలువు పోతుంది."

అయినా మైలమ కూర్చోలేదు. "కొలువు పోతే పోనివ్వండి. మాట మాత్రం అంటాను. నిరూపించనివ్వండి. నేను ఓడితే ఆ అవ్వకు బదులు నన్నే దింపండి."

రాజు ఒప్పుకున్నాడు.

మైలమ ముందుగా ఒక గంగాళం నిండా నీళ్ళు తెప్పించింది. ఖాళీ చెంబు అడుగున పొడిగుడ్డ కుక్కి, చెంబును బోర్లించి నీళ్ళలో నిలువునా ముంచింది. పైకి తీస్తే గుడ్డ పొడిగానే ఉంది. మళ్ళీ ముంచి ఈసారి కాస్త వంచింది. బుడబుడమని బుడగలు వచ్చాయి, గుడ్డ తడిసిపోయింది.

"ఇందాక నీళ్ళను రానివ్వకుండా చెంబులో ఉన్నదెవరు ప్రభూ? గాలే కదా! అది చోటు ఆక్రమిస్తుంది. ఏమీ లేనిది కాదు."

"ఇది గారడీ!" అన్నాడు కాలకంఠుడు.

రెండోసారి, వైద్యశాలలో ఆసవం పులుస్తున్న జాడీని తెప్పించింది. "పులిసే మందుపైనా ఆ చెడుగాలే పేరుకుంటుంది," అని చెప్పింది. ఒక గిన్నెను జాడీలోకి దించింది. మందుకు తగలనివ్వకుండా, దాని పైనున్న గాలిని మాత్రం ముంచి తీసింది. చూస్తే గిన్నె ఖాళీ. వెలుగుతున్న దీపంమీద నీళ్ళు పోసినట్టే ఆ గిన్నెను వంచింది. దీపం కొండెక్కింది.

సభలో నవ్వులు ఆగిపోయాయి.

"కింద ఉన్న దీపంమీదికి జారిందంటే అది బరువైనదే కదా! దీపానికి ఊపిరి అందనిచోట మనిషికీ అందదు," అంది మైలమ.

"పిశాచమే గిన్నెలో దూరింది!" అని కాలకంఠుడు అరిచాడు. ఈసారి అతని గొంతు కీచుమంది.

మూడోసారి అందరూ పాతర దగ్గరికే నడిచారు. మైలమ తాడు కట్టి దీపాన్ని లోపలికి వదిలింది. సగం దూరం దిగగానే అది ఆరిపోయింది. అప్పుడు ఆమె కొలిమితిత్తి తెప్పించింది. కణుపులు తొలిచిన వెదురుబొంగులను ఒకదానికొకటి అతికించి అడుగుదాకా దింపి, పైకొనకు తిత్తి తగిలించింది. పనివాళ్ళు పూట పూటంతా తిత్తి ఊదారు. తరువాత దింపిన దీపం అడుగు చేరి కూడా నిలకడగా వెలిగింది.

"అయితే ఇప్పుడు ముసలిదాన్ని దింపండి!" అన్నాడు కాలకంఠుడు.

"అవ్వను ముట్టుకోవద్దు," అని మైలమ నడుముకు తాడు బిగించుకుంది.

ఎల్లసాని ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు తల్లీ, నాకోసం నువ్వు..."

"నీకోసమే కాదవ్వా. ఇంకెవరూ చావకుండా ఉండడానికి."

దిగుతుంటే చీకటి చుట్టుకుంది. అన్నదమ్ముల ముఖాలు కళ్ళముందు కదిలాయి. అడుగు చేరాక మైలమ భయంభయంగానే గట్టిగా ఊపిరి పీల్చింది. ఊపిరి ఆడింది! గుప్పెడు జొన్నలు తీసుకుని పైకి వచ్చింది. జనం హోరెత్తారు.

రాజు ఆమెను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "ఎల్లసానిని వదిలేస్తాను. అయితే మాంత్రికుడి మాట నమ్మి శిక్ష వేసింది నేను. కాలకంఠుడి మంత్రాలకు పిశాచం పారిపోయిందని జనానికి చెప్పు. నా పరువు నిలుస్తుంది. నిన్ను మంత్రిని చేస్తాను."

"చెప్పను ప్రభూ."

"రాజాజ్ఞ!"

"అయినా చెప్పను. జనం మంత్రాలను నమ్ముకుని దీపం దింపడం మానేస్తారు. వచ్చే వానాకాలంలో మళ్ళీ ఎవరో ఒకరు దిగి చస్తారు. ఆ చావు మీ ఆజ్ఞ వింటుందా?"

రాజు తలపాగా సర్దుకుని, జనం ముందుకు వెళ్ళి, గొంతెత్తి చెప్పాడు. "తప్పు నాది. పాతరలో ఉన్నది చెడుగాలి. నేటినుంచి దీపం వెలిగిన పాతరలోనే మనుషులు దిగాలి."

కాలకంఠుడు ముగ్గుబుట్ట సర్దుకుని ఆ సాయంత్రమే సరిహద్దు దాటాడు. కంకులగిరిలో ఆ తరువాత పాతర మనిషిని మింగలేదు.

నీతి: ఎంతటి అధికారమైనా అబద్ధాన్ని నిజం చేయలేదు, నిజం తెలిసినవారు బెదిరింపుకూ లొంగకూడదు, బహుమతికీ లొంగకూడదు.