సుక్కమ్మ విస్తరి

భానుమూర్తికి ఆ రోజు రెండు పనులు. సాయంత్రంలోగా ఢిల్లీకి కాగితం పంపాలి. పంపేముందు గురువుగారి చేత శభాష్ అనిపించుకోవాలి. నిజం చెప్పొద్దూ, అసలు ఆరాటమంతా రెండోదాని గురించే.

భానుమూర్తి రాష్ట్ర ఎన్నికల కార్యాలయంలో అధికారి. పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. పాత సభ గడువు తీరేలోగా కొత్తది ఏర్పడాలి. పోలింగ్‌కి ఏ రోజులు వీలో ఢిల్లీవాళ్లు ప్రతి రాష్ట్రాన్నీ అడిగి, అన్నీ చూసుకుని తేదీలు ఖాయం చేస్తారు.

గోదావరి దాటాక, అడవి మొదట్లో ఉంది గురువుగారు చిదంబర స్వామి ఆశ్రమం. భానుమూర్తి పొద్దున్నే అక్కడికి చేరాడు.

"పరీక్షలు చూశాను, పండగలు చూశాను, ఆఖరికి పెళ్లి ముహూర్తాలు కూడా చూశాను స్వామీ. మే రెండో వారం. వేలెత్తి చూపడానికి లేదు."

స్వామి కాగితం అందుకోలేదు.

"ఇవాళ భోజనాల గంట నువ్వే కొట్టు నాయనా. వేళ నీ ఇష్టం."

అదెంత పని! సరిగ్గా పన్నెండింటికి కొట్టాడు. అందరూ వచ్చి కూర్చున్నారు. వడ్డనా అయింది. స్వామి మాత్రం విస్తట్లో చెయ్యి పెట్టలేదు. ఆయన పెట్టందే అక్కడ ఎవరూ పెట్టరు. ఆయన పక్కన ఒక విస్తరి ముందు ఎవరూ లేరు.

"ఎవరు రావాలి స్వామీ?"

"సుక్కమ్మ. ఈ విస్తళ్లు కుట్టేది ఆవిడే. ఆకుల కోసం అడవికి పోయింది."

పప్పు చల్లారింది. భానుమూర్తి కడుపులో ఎలకలు పరుగెత్తాయి. ఒంటిగంటన్నరకి ఆకుల మోపుతో వచ్చింది ముసలమ్మ. ఆవిడ కూర్చున్నాకే స్వామి విస్తట్లో చెయ్యి పెట్టారు.

"అయ్యో, నా కోసం ఆగారా! ఇప్పుడు నయం సామీ. మే నెల బీడీల తునికాకు కోతకైతే ఊరు ఊరంతా అడవిలోనే ఉంటం. పది పదిహేను రోజులు. అప్పుడు నాకు విస్తరెయ్యకండి."

భానుమూర్తి ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"మరి పోయినసారి ఓటు?"

"యాడ ఓటు బాబూ! ఆకు ముదిరితే ఎవరు కొంటరు?"

భానుమూర్తి లేచి చెయ్యి కడుక్కున్నాడు. కాగితం తీసి మే రెండో వారం కొట్టేసి, ఏప్రిల్ మూడో వారం అని రాశాడు. తునికాకు సంగతి కూడా రాశాడు. రాస్తుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఢిల్లీవాళ్లు ఆ మాట విన్నారు.

పోలింగ్ అయిన మర్నాడు మళ్లీ ఆశ్రమానికి వెళ్లాడు. మధ్యాహ్నమైంది. స్వామి గంట కర్ర చేతికిచ్చారు. భానుమూర్తి వరసంతా చూశాడు. ఒక విస్తరి ముందు ఎవరూ లేరు. కర్ర పట్టుకుని వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు.

చాలాసేపటికి సుక్కమ్మ వచ్చింది. ఎడమ చేతి వేలు పైకెత్తి, సిరా గుర్తు అందరికీ చూపించింది.

"ఊరంతా ఏసినం సామీ! ఈసారి ఆకు కోతకి ముందే పెట్టిండ్రు. ఎవరు పెట్టిండ్రో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ!"

భానుమూర్తికి కళ్లు నిండిపోయాయి. స్వామికేసి చూసి రెండు చేతులూ జోడించాడు.

"వచ్చిందిగా, ఇక కొట్టు," అన్నారు స్వామి.