ముదురాకు తాంబూలం

ఒకానొక రాజ్యాన్ని మార్తాండభూపతి ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన మీసం మీదా, తన నాలుక మీదా ఆయనకు చెప్పలేనంత గర్వం. ఆ మీసం చూడగానే ఎంత దూరాన ఉన్నవాడైనా తనను పోల్చుకుని దణ్ణం పెట్టాలి. నాలుక మీద పడగానే ఏ తమలపాకు ఏ తోటదో తాను చెప్పెయ్యగలడు. ఈ మాట సభలో రోజుకు పదిసార్లు అనేవాడు. కాదనే గుండెలు ఎవరికున్నాయి చెప్పండి!

ఆయన నమిలేది తీగలపాలెం ఆకు. ఆ ఊరు పట్నానికి బండి మీద ఆరు రోజుల దారి. అంత దూరం నుంచి వచ్చినా ఆ లేతాకు నోట్లో పెట్టుకుంటే ఇట్టే కరిగిపోయేది.

ఒక ఏడాది రాజుగారు వేటకని పరివారంతో తీగలపాలెం పక్క అడవికి వచ్చాడు. ఒక దుప్పిని తరుముకుంటూ తనవాళ్ళందరినీ వెనక వదిలేసి, ఒంటినిండా దుమ్ముతో ఊరి మొదట్లో ఉన్న ఆకుతోట దగ్గర తేలాడు. దుప్పి తప్పించుకుంది గాని, తీగలు చూడగానే రాజుగారికి నోరూరింది. 'ఆరు రోజులు ఎండలో వచ్చిన ఆకే అంత రుచిగా ఉంటే, తీగ దగ్గరి ఆకు ఇంకెంత బాగుంటుందో!' అనుకున్నాడు.

ఆ తోట పేరిందేవమ్మది. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళుగా ఒంటిచేత్తో దాన్ని నడుపుతోంది. ఆ వేళ పొద్దున కోసిన ఆకు పందిట్లో కుప్పగా పోసి ఉంది. ఎవరో వేటగాడు అలిసిపోయి వచ్చాడనుకుని కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. పీట వేసింది. తన ఒడిలోని ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, చక్కగా మడిచి తాంబూలం అందించింది.

రాజుగారు నోట్లో వేసుకున్నాడు. తోలులాంటి ముదురాకు! ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. థూ అని ఉమ్మేశాడు.

"ఏమే! నా మీసం చూసి కూడా నేనెవరో తెలియలేదా?"

"మీసాలు మా ఊళ్ళోనూ ఉన్నాయి నాయనా. ఎవరివని గుర్తుపెట్టుకోను?" అంది పేరిందేవమ్మ.

సరిగ్గా అప్పుడే మంత్రి అనంతయ్య, పరివారం రొప్పుకుంటూ వచ్చి "మహారాజా!" అంటూ కాళ్ళ మీద పడ్డారు. పేరిందేవమ్మ చేతులు జోడించింది.

రాజుగారికి అప్పటికే పూనకం వచ్చినట్టుంది. "మంత్రీ! పందిట్లో అంత ఆకు పెట్టుకుని అతిథికి చెత్త మడిచి ఇచ్చే ఊరా ఇది! మంచి ఆకంతా వీళ్ళే మెక్కుతున్నారన్నమాట. ఊళ్ళో ఉన్న తీగలన్నీ పీకించు. ఆముదాలు వేయించు!"

ఊరు ఊరంతా పోగైంది. ఆకుతీగ అంటే ఈ ఏడు పీకి మళ్ళీ ఏడు వేసుకునేది కాదు. పసిపిల్లను సాకినట్టు సాకితే గాని పందిరెక్కదు. ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు. పేరిందేవమ్మకూ ఏడుపొచ్చింది గాని, కొంగుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఏలినవారి ఆజ్ఞ. పీకించండి. కాని పొద్దున కోసిన ఈ ఆకు తమరి పట్నానికి వెళ్ళాల్సింది. రేపు బండి కదులుతుంది. బండిలో సగం కుప్పే పడుతుంది. ఏది ఎక్కించాలో, ఏది ఆపాలో తమరే ఏరిపెట్టండి. ఈ భూమ్మీద తమరిని మించి ఆకు తెలిసినవారు లేరట కదా."

రాజుగారి మీసం అర అంగుళం లేచింది. తలపాగా తీసి మంత్రి చేతికిచ్చి, పందిట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆకు ఆయనకు బాగానే తెలుసు. ఒక్కొక్క ఆకు పట్టి చూసి, ఈనె తడిమి, లేతాకు కుడిపక్కకీ ముదురాకు ఎడమపక్కకీ విసిరాడు. రెండు గడియల్లో కుప్ప రెండు కుప్పలైంది.

"కుడిపక్కది ఎక్కించండి," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

పేరిందేవమ్మ అమాయకంగా అడిగింది. "ఎడమపక్కది కూడా ఎలాగోలా కుక్కేస్తే పోలేదా మహారాజా?"

"నీకేమన్నా పిచ్చా? ఈ చెత్తని ఆరు రోజులు ఎద్దుల చేత మోయిస్తావా? బండి దండగ!"

"మరి దీన్నేం చేసుకోమంటారు?"

"మీరే నమలండి!"

"అదే నములుతున్నాం మహారాజా. ఇందాక తమరికి మడిచి ఇచ్చింది అందులోదే. పొయ్యిలో పెట్టే చెత్త కాదు, నేను తినేదే ఇచ్చాను."

రాజుగారు ఎడమపక్క కుప్ప వైపు చూశాడు. అది తన చేత్తో పోసిన కుప్పే. కాని రాజు కదా, అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా!

"నాలుగు లేతాకులు దాచుకుంటే మీ సొమ్మేం పోయింది?"

పేరిందేవమ్మ ఒడిలోంచి వక్కలు తీసి పీట మీద పోసింది. "ఇదుగోండి, చిత్తగించండి. మా ఊళ్ళో ముదురాకు కట్ట ధర ఒక వక్క అనుకోండి. లేతాకు కట్ట మూడు వక్కలు. నేనొక కట్ట లేతాకు నమిలానంటే మూడు కట్టల ముదురాకు వదులుకున్నట్టే. అంత ధైర్యం నాకు లేదు. ఇప్పుడు రెండిటినీ బండెక్కిద్దాం. ఎద్దుల మేత, ఏరు దాటించే పడవ, బండివాడి కూడు, అంతా కలిపి కట్టకు నాలుగు వక్కలు. లేతదో ముదురుదో ఎద్దుకేం తెలుసు? రెండిటికీ నాలుగే."

ఒక పక్క ఒక వక్క, ఇంకో పక్క మూడు పెట్టి, రెండిటికీ నాలుగేసి కలిపింది. మంత్రి అనంతయ్య వంగి లెక్కపెట్టాడు. "ముదురాకు అయిదు. లేతాకు ఏడు."

"చూశారా! ఇక్కడ మూడింతలు ఉన్న లేతాకు, తమరి పట్నంలో ఒకటిన్నరంతలు కూడా కాలేదు. ఎలాగూ అయిదిచ్చే మనిషి ఇంకో రెండు వేసి లేతాకే పుచ్చుకుంటాడు. అక్కడ ముదురాకు మొహం ఎవరు చూస్తారు? అందుకే మంచిదంతా ఊరు దాటుతుంది, మిగిలింది మాకు."

రాజుగారు మీసం నిమురుకున్నాడు. "లెక్క బాగానే ఉంది. అయినా పండించిన చోట మంచిది దొరక్కపోవడం వింత కాదూ?"

"వింతేముంది మహారాజా? తమరి వెంట పాట పాడేవాళ్ళెవరైనా వచ్చారా?"

"రాకేం? మా ఆస్థానంలోకెల్లా గొప్పవాడు, శేషాచార్యులను తెచ్చుకున్నాం."

"అంతకంటే తక్కువవాణ్ణి తెచ్చుకోలేదేం?"

"తక్కువవాడికీ అదే పల్లకీ, అదే తిండి! తెస్తే గొప్పవాణ్ణే తెస్తాం గాని..." అంటూ రాజుగారు ఆగిపోయాడు.

"మరి ఇవాళ తమరి సభలో పాడుతున్నదెవరు?"

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి నేల చూపులు చూశాడు. "మా... మా బావమరిదండి," అన్నాడు.

"ఈ పూట ఎవరైనా పరదేశి తమరి సభకు వస్తే, ఈ రాజ్యంలో సంగీతమే లేదనుకుని పోడూ? అతగాడు కోపమొచ్చి తమరి కోట పీకించి ఆముదాలు వేయిస్తానంటే ఏం చేద్దాం?"

అంత మాట రాజు మొహం మీద అన్నది ఆ రాజ్యంలో అంతవరకూ ఎవరూ లేరు. అప్పుడు మార్తాండభూపతి నవ్వాడు. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు, చివరికి మంత్రి బావమరిదిని తలుచుకుని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు.

చేతి బంగారు కడియం తీసి పేరిందేవమ్మకు ఇచ్చాడు. తీగలపాలెం తోటలను ఏ రాజూ ముట్టకూడదని అక్కడికక్కడే శాసనం రాయించాడు. శేషాచార్యులను పిలిపించి ఆ సాయంత్రం ఊరివాళ్ళ కోసం పాడమన్నాడు. అంతటితో ఊరుకోక, "అమ్మా, ఇకనుంచి ఏటేటా నా కోట నుంచి గంపెడు లేతాకు మీ ఊరికి పంపిస్తాను," అన్నాడు.

"వద్దు మహారాజా! అది చేతిలో పడగానే మేం మళ్ళీ తమరి పట్నానికే బండెక్కిస్తాం."

రాజుగారు మళ్ళీ నవ్వి, కుడిపక్క కుప్ప దగ్గర కూర్చున్నాడు. అన్నిటికంటే లేత ఆకును ఏరాడు. తన చేత్తోనే సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి పేరిందేవమ్మకు అందించాడు. ఎడమపక్క కుప్పలోంచి ముదురాకు ఒకటి తీసుకుని తాను నోట్లో పెట్టుకున్నాడు. ఘాటుకి కళ్ళు చెమర్చినా ఈసారి ఉమ్మలేదు.

పేరిందేవమ్మ లేతాకు నోట్లో పెట్టుకున్నది పెళ్ళినాడు. మళ్ళీ ఇదే. కళ్ళు మూసుకుని తాపీగా నమిలింది. ఊరంతా ఆమె మొహమే చూస్తోంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు రాజు.

ఆమె తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

"ఎందుకు బాగుండదు మహారాజా? నేను పండించిందే కదా!"