సగం చక్రం

కనుమ దారి మలుపులో ఎద్దు శాంతయ్య బండిని పక్కకి ఆపుకుని ఊట నీళ్లు తాగుతున్నాడు. అంతలో అడవిపంది తన బండితో వాలులో దూసుకొచ్చి గుద్దేసింది. శాంతయ్య బండి చక్రం ముక్కలైంది. బండి నిండా విత్తనాలు, పైన కమ్ముకొస్తున్న మబ్బులు. వాన పడేలోపు అవి పొలం చేరకపోతే ఆ ఏడు పంట లేనట్టే.

ఆ అడవిలో బీమా ఉంది లెండి. అందరూ ఏటా ఇంత కలప బీమా కొట్టులో వేస్తారు, ఎవరికి నష్టం జరిగినా అందులోంచి ఇస్తారు. కొట్టుకి గుమాస్తా నక్క. ఇవ్వకుండా మిగిల్చిన కలపలో దానికి వాటా ఉంది. ఇక చెప్పేదేముంది.

అడవంతా ఆ మలుపు దగ్గరే పోగైంది. ఏనుగు పెద్దాయన తీర్పుకి కూర్చున్నాడు.

"తప్పు ఇద్దరిదీ," అంది నక్క. "కాబట్టి సగం చక్రమే ఇస్తాం."

"సగం చక్రంతో బండెలా నడుస్తుంది నక్క బావా? నేను ఆగే ఉన్నాను కదా," అన్నాడు శాంతయ్య.

"మరి గుద్దగానే పందితో ఏమన్నావు? తప్పు నాదే, ఇంకాస్త జరగాల్సింది అనలేదూ?"

శాంతయ్య తల దించుకున్నాడు. "అన్నాను."

గుంపంతా గొల్లున నవ్వింది. మేక చిట్టెమ్మకి ఒళ్లు మండిపోయింది. ముందుకొచ్చి, "నక్క బావా, పంది ఎలా వచ్చిందో ఒక్కసారి చేసి చూపించు. నీ అంత బాగా ఎవరు చూపిస్తారు?" అంది.

పొగిడితే నక్క ఆగుతుందా. వెనక్కి వెళ్లి, పందిలా గుర్రుమంటూ వాలులో పరిగెత్తుకొచ్చింది. ఊట తడికి కాలు జారి, కదలకుండా నిలబడ్డ శాంతయ్య డొక్కకి గుద్దుకుని వెల్లకిలా పడింది.

"అయ్యో, దెబ్బ తగిలిందా బావా?" శాంతయ్య కంగారుగా వంగాడు. "తప్పు నాదే. ఇంకాస్త జరగాల్సింది."

ఆ మాటకి కోతులు కొమ్మల మీంచి జారిపడేంతగా నవ్వాయి.

"విన్నారుగా పెద్దాయనా," అంది చిట్టెమ్మ. "ఇందులోనూ సగం తప్పు ఇతనిదేనా?"

ఏనుగు నక్క వైపు తొండం చాపాడు. "నిండు చక్రం చేయించు. నీ వాటా కలపతోనే. వాన పడకముందే."

నక్క ఒంటికంటిన బురద దులుపుకుంటూ వడ్రంగిపిట్ట కోసం పరిగెత్తింది. తొలి చినుకుకి ముందే చక్రం బండికెక్కింది.

"మీ అందరికీ ఎంత శ్రమ ఇచ్చాను, తప్పు నా..." అనబోయాడు శాంతయ్య. చిట్టెమ్మ అతని నోట్లో ఇంత పచ్చగడ్డి కుక్కి, "ముందు బండి లాగు," అంది.

మర్యాదకి అన్న మాటను నేరంగా చూపించేవాడి మీద ఆ మర్యాదే ఎదురు సాక్ష్యం చెబుతుంది.